లైఫ్‌స్టైల్ షోలో యాంకర్ల పరిచయం: ముందే చెప్పాలా, నేరుగా పనిలోకి దించేయాలా?

తెరచాటు (చర్చ మొదలుపెట్టినవారు)

నేను టీవీ కార్యక్రమాలకు స్క్రిప్ట్ రాస్తాను. ఇప్పుడు ఒక కొత్త లైఫ్‌స్టైల్ షో చేతిలో ఉంది. నలుగురు యాంకర్లు. ఇంటి సంగతులు చూసే ఆర్కిటెక్ట్ ఒకావిడ, వంట చేసే ఆవిడ, వ్యాయామం నేర్పే కుర్రాడు, వీళ్లందరినీ కలుపుకుంటూ షో నడిపించే మాటకారి ఒకాయన. మొదటి ఎపిసోడ్ మొదలవగానే నలుగురి మీదా కలిపి రెండున్నర నిమిషాల పరిచయం ప్యాకేజీ ఉండాలని నిర్మాత పట్టు. స్లో మోషన్‌లో నడిచి రావడం, వెనక గంభీరమైన వాయిస్ ఓవర్, ఒక్కొక్కరి గొప్పలు, చివర్లో నలుగురూ చేతులు కట్టుకుని కెమెరా వైపు చూడటం. మీరూ వందసార్లు చూసే ఉంటారు.

నా ఉద్దేశంలో అది దండగ. షో మొదలవగానే పని మొదలైపోవాలి. ఆర్కిటెక్ట్ గోడ మీద మరకని వేలితో గీకి, "ఇది రంగు తప్పు కాదు, లోపల పైపు కారుతోంది" అంటే చాలు, ఆవిడెవరో చూసేవాళ్లకి తెలిసిపోతుంది. పేరు కింద ఆస్టన్‌లో పడుతుంది. (తెర కింద పేరు, హోదా వేసే పట్టీని మేం ఆస్టన్ అంటాం. అలాంటి అక్షరాలు వేసే మెషీన్లు చేసిన కంపెనీ పేరు అది, వాడుకలో అలా ఉండిపోయింది.)

తప్పు నాదా, నిర్మాతదా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత యాంటెన్నా

మీదే. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి నా ఇంట్లో సోఫా ఎటు తిప్పాలో చెప్తే నేను ఊరుకోను. ముందు నువ్వెవరో చెప్పు, తర్వాత నా గోడ గీకు.

రిమోట్ నా చేతిలో

మీరు ఊరుకోరు, నేను ఆగను. రెండున్నర నిమిషాలంటే నేను రెండు ఛానెళ్లు తిరిగొస్తా. నెట్‌ఫ్లిక్స్ 2017లో 'స్కిప్ ఇంట్రో' బటన్ పెట్టింది. 2022లో వాళ్లే చెప్పిన లెక్క ప్రకారం దాన్ని రోజుకు 13.6 కోట్ల సార్లు నొక్కుతున్నారు. ఇంకేం కావాలి సాక్ష్యం?

రన్‌డౌన్

బాసూ, అది టైటిల్స్ దాటేసే బటన్. పదో ఎపిసోడ్‌లో కూడా అదే పాట, అవే బొమ్మలు వస్తుంటే విసుగొచ్చి నొక్కుతారు. ఒక మనిషిని మొదటిసారి చూడటానికీ దానికీ పొంతన లేదు.

అయినా నాది తెరచాటు గారి పక్షమే, కారణం వేరు. నళిని అంబాడి, రాబర్ట్ రోసెంతాల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీలో పాఠం చెప్తున్న టీచర్ల వీడియో ముక్కలు, ఒక్కొక్కరివి మొత్తం అర నిమిషం లోపు, శబ్దం తీసేసి కొత్తవాళ్లకి చూపించారు. ఆ కొత్తవాళ్లు వేసిన మార్కులు, టర్మ్ అంతా ఆ టీచర్ల దగ్గర చదువుకున్న విద్యార్థులు చివర్లో ఇచ్చిన మార్కులతో చాలావరకు కలిశాయి. ఒక్క మాట కూడా వినకుండా! మీ వాయిస్ ఓవర్ రెండో అవార్డు దగ్గరికి వచ్చేసరికి చూసేవాడి మనసులో తీర్పు అయిపోయి ఉంటుంది.

పాత యాంటెన్నా

అలాగైతే మాట కూడా వద్దు, స్లో మోషన్ నడకే చాలు. నిర్మాత గెలిచినట్టేగా?

రన్‌డౌన్

పాఠం చెప్తున్న మనిషిని చూపించారండీ, ర్యాంప్ మీద నడుస్తున్న మనిషిని కాదు. పనిలో ఉన్నప్పుడు చేతులు, కళ్లు అబద్ధం ఆడలేవు. నడకదేముంది, పది టేకులు తీస్తే ఎవరైనా రాజులాగే నడుస్తారు.

తెరచాటు

నేను చెప్పాలనుకున్నది అదే. జూలియా చైల్డ్ సంగతి చూడండి. 1961లో వచ్చిన తన వంటల పుస్తకం గురించి మాట్లాడటానికి బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ స్టేషన్‌లో ఒక పుస్తక చర్చకు వెళ్లారు. పుస్తకం గురించి మాట్లాడి రావచ్చు కదా, ఆవిడ స్టూడియోలోనే పొయ్యి పెట్టి ఆమ్లెట్ వేశారు. చూసినవాళ్లు ఉత్తరాలు రాశారు. దాని ఫలితమే 1963లో మొదలైన 'ది ఫ్రెంచ్ చెఫ్' అనే టీవీ వంటల షో. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్లు. పారిస్‌లో పేరున్న వంట స్కూల్లో చదువుకున్నారు నిజమే, కానీ జనాన్ని పట్టేసింది ఆ సర్టిఫికెట్ కాదు, ఆ ఆమ్లెట్.

పాత యాంటెన్నా

పుస్తకం రాసినావిడ అని ముందే చెప్పి కూర్చోబెట్టారు కదమ్మా! పరిచయం జరిగాకే ఆమ్లెట్ వేసింది.

తెరచాటు

...ఈ ఒక్కటీ మీకు.

ఆస్టన్ బాధితురాలు

పరిచయం ఎంతసేపు అన్నది తర్వాత, అందులో ఏం రాస్తారన్నది నాకు పెద్ద గొడవ. నేను సివిల్ ఇంజనీర్ని. ఒకసారి ఒక టీవీ షోకి నన్నూ, మరో ఇంజనీర్‌నీ పిలిచారు. ఇద్దరికీ ఒకటే చదువు, అనుభవం నాకు నాలుగేళ్లు ఎక్కువ. ఆయన్ని "నిర్మాణ రంగంలో అపార అనుభవం ఉన్న నిపుణులు" అన్నారు. నా వంతు వచ్చేసరికి "చిరునవ్వుతో అందరినీ ఆకట్టుకునే చలాకీ అమ్మాయి". అప్పుడు నా వయసు నలభై రెండు. ఆ తర్వాత పునాది గురించి నేను ఏం చెప్పినా యాంకర్ నవ్వుతూ ఆయన వైపు తిరిగి, "అంతేనంటారా సర్?" అని అడగడం.

కాబట్టి తెరచాటు గారూ, మీ వాయిస్ ఓవర్ కాగితం తీసి ఆడవాళ్లకి ఏ విశేషణాలు పడ్డాయో, మగవాళ్లకి ఏవి పడ్డాయో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

తెరచాటు

తీశాను. సిగ్గుగా ఉంది. ఆర్కిటెక్ట్‌కి "అందమైన ఇళ్లకి అందమైన చిరునామా", వంట ఆవిడకి "అమ్మ చేతి ఆప్యాయత", కుర్రాడికి "క్రమశిక్షణకు మారుపేరు", మాటకారికి "తిరుగులేని వ్యాఖ్యాత". మొదటి రెండూ రాసింది నేనే.

ఆస్టన్ బాధితురాలు

వంట ఆవిడ హోటల్ వంటగది నడిపారా, ఇంట్లో వండుతారా, పుస్తకం రాశారా? మీ వాక్యంలో ఒక్క సంగతీ లేదు. ఆవిడకి పిల్లలున్నారో లేదో కూడా మీకు తెలుసా?

తెరచాటు

ఇరవై రెండేళ్లు పెద్ద వంటశాలల్లో పనిచేశారు. పిల్లల సంగతి నేను అడగలేదు. ఆ వాక్యం కొట్టేస్తున్నా.

రెండో అభిప్రాయం

సరే, విశేషణాలు తీసేసి హోదా పెడదాం అంటారు. అక్కడ ఇంకో గొయ్యి ఉంది. అమెరికాలో డాక్టర్ మెహ్మెట్ ఓజ్ షో 2009 నుంచి 2022 దాకా నడిచింది. ఆయన డిగ్రీ నకిలీది కాదు, కొలంబియా యూనివర్సిటీకి చెందిన గుండె సర్జన్. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. ఆ షోలో ఇచ్చిన సలహాల్లోంచి 80 తీసుకుని చూస్తే ఆధారం ఉన్నవి 46 శాతం, ఉన్న ఆధారాలకి విరుద్ధమైనవి 15 శాతం, మిగతా 39 శాతానికి అటూ ఇటూ ఏ ఆధారమూ దొరకలేదు. అదే ఏడాది జూన్‌లో, బరువు తగ్గించే ఉత్పత్తులను ఆయన షోలో పొగిడిన తీరు మీద సెనేట్ ఉపసంఘం నిలదీసింది.

గుండె ఆపరేషన్ చేసే మనిషి సన్నబడే మాత్ర గురించి మాట్లాడుతుంటే చూసేవాడికి వినపడేది "డాక్టర్" అన్న మాటొక్కటే. మనం ఒక గదికి తాళం చెవి ఇస్తే, ఆ చెవితో ఇల్లంతా తెరిచేస్తారు. మీ వ్యాయామం కుర్రాడు రేపు మోకాలి నొప్పికి మందు చెప్పడని గ్యారంటీ ఉందా?

పెరటి చెట్టు

దీనికి తలకిందులుగా ఇంకో మనిషి ఉన్నాడు. బీబీసీలో 'గార్డెనర్స్ వరల్డ్' 1968 నుంచి వస్తోంది. 2003లో దాని ప్రధాన యాంకర్‌గా వచ్చిన మాంటీ డాన్ తోటపని కాలేజీలో నేర్చుకున్నవాడు కాదు. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లిష్ చదివాడు, నగల వ్యాపారం చేశాడు, మొక్కల సంగతులు సొంతంగా నేర్చుకున్నాడు. మధ్యలో కొంతకాలం తప్పుకుని 2011లో తిరిగొచ్చాక షూటింగ్ ఆయన సొంత తోటలోనే. ఆస్టన్‌లో ఏ హోదా వేస్తారు ఆయనకి? గోళ్లలో మట్టే ఆయన హోదా. పోయినేడు వేసిన మొక్క బతికిందో లేదో అదే తోటలో కనపడుతుంది, దాచడానికి చోటు లేదు.

పాత యాంటెన్నా

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ ఈ మాట పనికొచ్చింది. కానీ అందరికీ సొంత తోట ఉండదు. స్టూడియోలో వేసిన సెట్టు రేపు పీకేస్తారు. మరి అక్కడ మనిషిని దేన్ని బట్టి నమ్మాలి?

చెవితో చూస్తా

చాలాసేపటి నుంచి చదువుతున్నా, సారీ, వింటున్నా. నాకు చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంది. మా ఇంట్లో టీవీ అందరికన్నా ఎక్కువ 'చూసేది' నేనే.

తెరచాటు గారు "పేరు ఆస్టన్‌లో పడుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా వరకు ఆస్టన్ పడితే ఏమీ పడనట్టే. గోడ గీకి పైపు కారుతోందన్న ఆవిడ ఎవరు? గీకిన చప్పుడు కూడా సంగీతంలో కొట్టుకుపోతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరు మగవాళ్ల గొంతులు దగ్గరగా ఉంటాయి, సగం ఎపిసోడ్ అయినా వ్యాయామం ఎవరు చెప్తున్నారో, జోకులు ఎవరు వేస్తున్నారో తెలియదు. రేడియోలో ఈ ఇబ్బంది ఉండదు. ఎవరు ఎప్పుడు ట్యూన్ చేస్తారో తెలియదు కాబట్టి పేరు మాటిమాటికీ చెప్తారు. టీవీవాళ్లకి బొమ్మ ఉందన్న ధీమా.

ఆ రెండున్నర నిమిషాల ప్యాకేజీ మీకు సోది కావచ్చు. నాకు మాత్రం ఎవరి గొంతు ఎవరిదో తెలిసే చోటు అదొక్కటే. అందులో కూడా మాట్లాడేది వాయిస్ ఓవర్ ఆయనే, వాళ్ల గొంతులు వినపడనివ్వరు, అది వేరే సంగతి.

తెరచాటు

పద్నాలుగేళ్లుగా స్క్రిప్టులు రాస్తున్నా, ఇది నాకు తట్టలేదు. ఆస్టన్ ఉంటే పేరు పలకక్కర్లేదనే మాకు నేర్పారు.

రిమోట్ నా చేతిలో

నేను కూడా చాలాసార్లు ఫోన్ చూసుకుంటూ టీవీ పెట్టుకుంటా. ఆస్టన్ నాకూ కనపడదు, నిజం చెప్పాలంటే. పేర్లు పలకడానికి నా అభ్యంతరం లేదు. పొగడ్తలకే.

రన్‌డౌన్

ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటే సరిపోతుందిగా. మాటకారి ఒకాయన ఉన్నది అందుకే. 'ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' అనే బేకింగ్ పోటీ 2010లో బీబీసీలో మొదలైనప్పుడు అదే చేశారు. తీర్పు చెప్పే ఇద్దరికీ బేకింగ్ తెలుసు. నడిపించే మెల్, సూ ఇద్దరూ హాస్య కళాకారిణులు, తమకి బేకింగ్ వచ్చని ఎప్పుడూ పోజు కొట్టలేదు. తెలియని మనిషి అడగాలి, తెలిసిన మనిషి చెప్పాలి. ఎవరు ఏ పక్కన ఉన్నారో మొదటి ప్రశ్నతోనే తేలిపోతుంది. తెలియనివాడిని కూడా "తిరుగులేని" అని పైకెత్తారనుకోండి, ఆయన ఇంక ప్రశ్న అడగలేడు పాపం.

పాత యాంటెన్నా

అది పోటీ, ఇది సలహాల షో. కానీ సరే.

తెరచాటు

రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. వాయిస్ ఓవర్ లేదు. మాటకారి సెట్‌లోకి వచ్చి తన పేరు తనే చెప్పుకుంటాడు, "నాకు ఈ మూడింటిలో ఒక్కటీ రాదు, అందుకే అడుగుతుంటా" అంటాడు. ఆర్కిటెక్ట్‌ని పేరు పెట్టి పిలిచి, "పదహారేళ్లుగా ఇళ్లు కడుతున్నారు, నా గోడ ఎందుకిలా అయింది?" అని అడుగుతాడు. ఆవిడ గొంతు అప్పుడే మొదటిసారి వినిపిస్తుంది, గీకిన చప్పుడుతో సహా. ఆ ముక్కలో సంగీతం తీసేయమన్నాను. వంట ఆవిడకి ఇరవై రెండేళ్ల సంగతి, అంతే. కుర్రాడి దగ్గర ఒక వాక్యం అదనం. "కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేర్పిస్తా. నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి, అది నా పని కాదు." మొత్తం యాభై సెకన్లు.

నిర్మాతకి చివరి వాక్యం నచ్చలేదు. "మన యాంకర్‌కి ఇది చేతకాదని మనమే చెప్పుకోవడమేంటి?" అన్నారు.

రిమోట్ నా చేతిలో

ఇక్కడ నిర్మాత గారి మాటలో పాయింట్ ఉంది. మొదటి నిమిషంలోనే "నా పని కాదు" అన్నవాడిని ఎవరు చూస్తారు?

రెండో అభిప్రాయం

నేను చూస్తా. దానికి ముందు ఏం చెప్పినా నమ్ముతా కూడా.

ఆస్టన్ బాధితురాలు

నాదో సందేహం. ఆ వాక్యం కుర్రాడికే ఎందుకు? ఆర్కిటెక్ట్‌కి కూడా పరిమితి ఉంటుంది, కరెంటు పని ఆవిడది కాదు. అందరికీ పెట్టండి, లేదంటే అవసరం వచ్చిన చోట పెట్టండి.

తెరచాటు

అవసరం వచ్చిన చోటే బాగుంటుంది. మోకాళ్ల మీద ప్రశ్న మూడో ఎపిసోడ్‌లో ఉంది, అక్కడ చెప్పిస్తా. నిర్మాత ఈసారి కాదనలేదు. స్లో మోషన్ నడక మాత్రం తీసేదే లేదట, దానికోసం క్రేన్ అద్దెకి తెచ్చి ఒక పూటంతా తీశారు. కాబట్టి యాభై సెకన్ల ముందు పన్నెండు సెకన్లు నడుస్తారు.

పాత యాంటెన్నా

నడవనివ్వండి, పోయేదేముంది.

చెవితో చూస్తా

ఆ పన్నెండు సెకన్లలో నాకు ఏం వినపడుతుంది?

తెరచాటు

ఇప్పటికి డ్రమ్స్. వాళ్ల నలుగురి చేతా నాలుగు పేర్లు చెప్పించి డ్రమ్స్ మీద వేయొచ్చేమో, రేపు ఎడిటర్‌ని అడిగి చెప్తా.