"చిత్తము ప్రభువా" అంటే "నేను సిద్ధం" అనా?

ప్రశ్న:

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం నుంచి సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాఠం చెప్పమని మా చర్చిలో అడిగారు. బైబిల్ నేను ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. నలుగురిలో ప్రార్థన చేయాలంటేనే టెన్షన్. "నేనింకా సిద్ధంగా లేనండీ" అంటే, మా పాస్టరమ్మగారు "మోషేలాగా చిత్తము ప్రభువా అను, చాలు" అన్నారు. చిత్తము అంటే "సిద్ధంగా ఉన్నాను" అనేనా? అలా అయితే నేను దేవుడి దగ్గర అబద్ధం ఆడినట్టే కదా?

జవాబు:

సిస్టర్, వందనాలు. అబద్ధం ఏమీ కాదు. ఆ మాటలో "సిద్ధం" అనే అర్థమే లేదు.

నిర్గమకాండము 3:4లో మండుతున్న పొద నడుమనుండి దేవుడు "మోషే, మోషే" అని పిలిస్తే అతను "చిత్తము ప్రభువా" అంటాడు. అక్కడ మూలభాష హీబ్రూలో ఉన్న మాట "హిన్నేని". హిన్నే అంటే ఇదిగో. చివరి "ని" అంటే నేను. "ఇదిగో నేను", అంతే. చేతనవునా కాదా అన్న సంగతి అందులో లేదు. పైగా మోషే ఆ మాట అనేటప్పటికి పనేమిటో కూడా అతనికి తెలియదు. ఐగుప్తు రాజు ఫరో దగ్గరకు వెళ్లమన్న మాట 10వ వచనంలో వస్తుంది. అది వినగానే "నేను ఎంతటివాడను" అని మొదలుపెట్టి, 4వ అధ్యాయంలో "నేను మాట నేర్పరిని కాను", "నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను" అని, చివరికి "నీవు పంపతలంచిన వానినే పంపుము" అనేదాకా వెళ్తాడు. అప్పటికి అతనికి 80 ఏళ్లు. దేవుడికి కోపం వచ్చిందని కూడా రాసి ఉంది. అయినా పిలుపు వెనక్కి తీసుకోలేదు, మాట్లాడడానికి అతని అన్న అహరోనును తోడిచ్చాడు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు గొప్ప ఊరట.

తెలుగులో ఇంకో సంగతి చూడండి. యెషయా 6:8లో ఇదే హిన్నేని "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము" అయింది. యిర్మీయా 1:6లో "చిత్తగించుము నేను బాలుడనే" అని వస్తుంది. అక్కడ హీబ్రూలో ఉన్నది ఒట్టి "హిన్నే". చిత్తగించడమంటే మనసు పెట్టి చూడడం, వినడం. పాత విన్నపాల్లో "చిత్తగించవలెను" అని రాసేవారు. యెషయా ఆ మాటతో ముందుకొచ్చాడు, యిర్మీయా ఆ మాటతోనే తన భయం చెప్పుకున్నాడు. ఇద్దరినీ దేవుడు పంపాడు. కాబట్టి మీ భయాన్ని కూడా "చిత్తగించుము" అని ఆయన ముందు పెట్టవచ్చు, సిస్టర్.

మరొకరు:

అన్నా, నాదొక అభ్యంతరం. "చిత్తం దొరా", "తమ చిత్తం మా భాగ్యం" అని జమీందార్ల ముందు చేతులు కట్టుకుని అన్న మాట ఇది. దేవుడు మనకు తండ్రి. తండ్రి పిలిస్తే ఈ మాట ఎందుకు?

జవాబు:

మంచి మాట అడిగారు బ్రదర్. ఆ బరువు తెలుగు మాటకే ఉంది, హీబ్రూ మాటకు లేదు. ఆదికాండము 22వ అధ్యాయం తెరవండి. దేవుడు పిలిచినప్పుడు అబ్రాహాము "చిత్తము ప్రభువా" అంటాడు. కొండ ఎక్కుతుంటే కొడుకు ఇస్సాకు "నా తండ్రీ" అని పిలుస్తాడు. అందుకు జవాబు హీబ్రూలో మళ్లీ అదే హిన్నేని. తెలుగులో మాత్రం "ఏమి నా కుమారుడా". తండ్రి కొడుకుతో చిత్తం అనడం మన భాషలో కుదరదు మరి. అనువాదకులు చేసింది సరైనదే. కానీ దేవుడికిచ్చిన జవాబూ బిడ్డకిచ్చిన జవాబూ ఒకటే మాటన్న సంగతి మనకు కనిపించకుండా పోయింది.

అయినా "చిత్తము" నాకు ఇష్టమే. పరలోక ప్రార్థనలో "నీ చిత్తము" అని రోజూ అంటాం. "చిత్తము ప్రభువా" అన్నప్పుడు ఆ ప్రార్థన కూడా వినిపిస్తుంది. హీబ్రూలో లేని ఈ అందం తెలుగు ఇచ్చింది.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నా. నాకిచ్చిన మొదటి పాఠం, దేవుడు రాత్రి పిలిచిన బాలుడు సమూయేలుదే. "చిత్తమండి నేనున్నాను" అని ఉంది. ఆరేడేళ్ల పిల్లలకు ఎలా చెప్పాలి?

జవాబు:

మొదట హాజరు పిలవండి సిస్టర్. ఒక్కొక్కరూ "ప్రెజెంట్ టీచర్" అంటారు. హోంవర్క్ చేసినవాళ్లూ అంటారు, చేయనివాళ్లూ అంటారు. అప్పుడు 1 సమూయేలు 3వ అధ్యాయం 7వ వచనం చదివి వినిపించండి. సమూయేలు అప్పటికి యెహోవాను ఎరగడని అందులో ఉంది. ఎవరు పిలుస్తున్నారో తెలియకుండానే మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరకు వెళ్లాడు. నాలుగోసారి పిలుపు వచ్చినప్పుడు ఏమన్నాడో పిల్లలనే చెప్పమనండి. ఆ తర్వాత హాజరు పట్టీలో చివర మీ పేరు కూడా వాళ్లతోనే పిలిపించుకోండి.