శాంతి కోసం పనిచేయడం బతుకుతెరువు అవుతుందా? డీఎస్సీ మానుకోవచ్చా?

చంద్రగిరి అక్క:
మా తమ్ముడి కూతురు బీఈడీ చేసి, ఆ తర్వాత ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) కూడా చేసింది. తిరుపతి చుట్టుపక్కల కాలేజీల్లో కులం పేరు మీదా, హీరోల ఫ్లెక్సీల మీదా కుర్రాళ్ల మధ్య మొదలయ్యే గొడవలు ముదరకుండా చూసే ఒక చిన్న సంస్థలో రెండేళ్లుగా పనిచేస్తోంది. జీతం 14 వేలు. జీవితమంతా ఇదే చేస్తానంటుంది. మా తమ్ముడేమో ముందు డీఎస్సీ కొట్టు, టీచరయ్యాక సేవ చేసుకో అంటాడు. ఇంట్లో రోజూ టెన్షన్. ఇది ఒక ఉద్యోగమా, ఉద్యోగం పక్కన చేసుకోవాల్సిన సేవా? మొహమాటం లేకుండా చెప్పండి.

పుంగనూరు మాస్టారు:
అక్కా, మీ తమ్ముడి మాటే సబబు. నేను 22 ఏళ్లుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. సంస్థకు డబ్బు ఆగిపోతే ఆ అమ్మాయి పనీ ఆగిపోతుంది. టీచర్ అలా కాదు, రిటైరయ్యేదాకా ఉంటాడు, ఊళ్లో అతని మాట చెల్లుతుంది. ఇంటర్లో కర్రలు పట్టుకున్న ఇద్దరు నా దగ్గర ఏడో తరగతిలో ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లే. స్టేషన్‌కు పోకముందే ఇద్దరి ఇళ్లకీ వెళ్లి కూర్చున్నాను. సారు వచ్చాడని మంచం వాల్చారు, అంతే, మాట కలిసింది. ఇంకో సంగతి, 2018 తర్వాత పెద్ద డీఎస్సీ మళ్లీ 2025లో గాని జరగలేదు. మనం ఆగినా వయసు ఆగదు.

చిత్తూరు రిటైర్డ్ లెక్చరర్:
మాస్టారు చేసింది గొప్ప పని. కానీ అందరు టీచర్లకూ ఆ తీరిక ఉండదు. నేను తొమ్మిదేళ్లు కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా ఉన్నాను. 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు. ఆ ఏడు రోజులూ పల్లెలో ఒకే వరుసలో కూర్చుని తింటారు, ఒకే చాప మీద పడుకుంటారు. కళ్లు చెమరుస్తాయి చూస్తుంటే. ఎనిమిదో రోజు మళ్లీ ఎవరి గుంపు వాళ్లదే.

ఒకసారి మా హాస్టల్లో ఫ్లెక్సీ చించారని గొడవైంది. ఇద్దరితో క్షమాపణ పత్రాలు రాయించి ఫైల్లో పెట్టేశాం. తర్వాత వాళ్ల దగ్గరికి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు, ఇంటర్నల్ మార్కుల పనిలో ఉన్నాను. నెల తిరక్కుండా ఒకడి తల పగిలింది, ఇంకొకడి చదువు ఆగిపోయింది. ఆ ఫైలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ నెల రోజులూ ఇద్దరి మధ్యా తిరగడానికి ఒక మనిషి కావలసింది. అది పార్ట్‌టైం పని కాదు.

బెంగళూరులో పుట్టిన గాంధేయవాది ఎస్.ఎన్. సుబ్బారావు గారు మధ్యప్రదేశ్‌లో బందిపోట్లుండే చంబల్ లోయకు వెళ్లి, జౌరాలో ఆశ్రమం పెట్టి ఉండిపోయారు. కుర్రాళ్లతో శ్రమదానం చేయించారు, రకరకాల భాషల పాటలు నేర్పించారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ పిలుపుతో బందిపోట్లు ఆ ఆశ్రమంలోనే ఆయుధాలు కింద పెట్టారు. ఆయన వచ్చి పోయే మనిషైతే అది జరిగేదా?

పుంగనూరు మాస్టారు:
సార్, సుబ్బారావు గారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆయన పెళ్లే చేసుకోలేదు. మన ఆడపిల్లని అలా బతకమని అడిగే హక్కు మనకెక్కడిది? త్యాగాన్ని కొలతగా పెడితే రేపు ఈ పనికి ఎవరూ రారు.

తిరుచానూరు తమ్ముడు:
నేను అలాంటి గొడవలో ఉన్నవాణ్ణే. డిగ్రీ రెండో ఏడు, గంగ జాతర రోజులు. ఒక అక్క మా ఇంటికి నాలుగుసార్లు వచ్చింది. మొదటి మూడుసార్లు నేను గదిలోంచి బయటికే రాలేదు. నాలుగోసారి వచ్చి మా అమ్మతో కూర్చుని చింతకాయలు దంచుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. టీచర్ అయితే మార్కులు గుర్తొస్తాయి, పోలీసు అయితే కేసు. ఆమెతో మాట్లాడితే ఏదీ గుర్తురాలేదు. అందుకే చెప్పగలిగాను. ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబర్‌లో 2250 తీర్మానం చేసింది. శాంతి పనిలో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లకు మాట, చోటు ఉండాలని అందులో ఉంది. ఆ అక్క నాకు ఆ చోటు ఇచ్చింది. ఇప్పుడు జూనియర్ల దగ్గరికి నేనూ వెళ్తున్నాను.

చంద్రగిరి అక్క:
అందరి మాటలూ మా పిల్లకి చదివి వినిపించాను. తిరుచానూరు తమ్ముడు రాసింది మళ్లీ చదవమంది. తర్వాత ఒక్కటే అడిగింది: "నేను త్యాగం చేస్తానని ఎవరికి చెప్పానత్తా? 14 వేలు 25 వేలయ్యే దారి ఉంటే చెప్పమను."

చిత్తూరు రిటైర్డ్ లెక్చరర్:
సరైన ప్రశ్న. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల సగటులో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అందులో విద్య ఉంది. శ్రీసిటీలో ఫ్యాక్టరీలున్నాయి, వాటిలో పనికి వెళ్లేదీ ఈ కుర్రాళ్లే. ఆ సొమ్ములోంచి మీ పిల్ల సంస్థకు ఇమ్మని మూడేళ్లకు ఒప్పందం అడగాలి, ఒక్క ఏడాదికి ఒప్పుకోవద్దు. కాగితాలు నేను రాసిపెడతాను.

పుంగనూరు మాస్టారు:
అందులో పీఎఫ్ కూడా రాయండి సార్. అది వస్తే మీ తమ్ముడితో నేను మాట్లాడతాను అక్కా.