ముక్కులో ఇరుక్కున్న మినప గింజ

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుండి): మినుములు ఎండబోసిన కళ్లంలో ఆడుకుంటూ మా మూడేళ్ల పాప ముక్కులో ఒక గింజ దూర్చుకుంది. నీళ్లు పోసి కడగమని అత్తగారు, పిన్నుతో లాగమని పక్కింటివారు అంటున్నారు. ఏమి చేయాలండీ?

జవాబు: దయచేసి రెండూ చేయకండి. తడి తగిలితే మినుము ఉబ్బి మరింత బిగుసుకుంటుంది; పిన్నుతో కదిపితే గింజ వెనక్కి జారి, శ్వాసనాళంలో పడే ప్రమాదం ఉంది. పాపను నోటితో ఊపిరి తీసుకోమని చెబుతూ, ఈ పూటే చెవి, ముక్కు, గొంతు వైద్యుల వద్దకు తీసుకువెళ్లండి.

మరొక జవాబు: మా బాబు ముక్కులో పూస ఇరుక్కున్నప్పుడు, వైద్యురాలు రెండో ముక్కుపుటాన్ని మూసి, నా చేతనే వాడి నోటిలోకి ఒక్కసారి గట్టిగా ఊదించగా అది బయటపడింది. ఆవిడ దగ్గరుండి చేయించారు కనుకనే ధైర్యం చేశాను.

ఇంకొకరు: గింజ కాక బొమ్మలోని బటన్ బ్యాటరీ (బిళ్లలాంటి చిన్న బ్యాటరీ) అయితే తెల్లవారేదాకా ఆగకండి, కొన్ని గంటల్లోనే అది లోపలి పొరను కాల్చివేస్తుంది.

అడిగినవారు: ఇప్పుడే బయలుదేరుతున్నామండీ.