అప్‌డేట్: ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం తేడా తేలింది

కవిత్వంలో పోలిక కనిపించిన ప్రతిచోటా అది ఉపమా, ఉత్ప్రేక్షా, రూపకమా (ఈ మూడూ పోలిక మీద నడిచే అలంకారాలు) ఎలా తేల్చుకోవాలని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

బాగా పనికొచ్చింది ఈ సలహా: కవి రెండు వస్తువుల్ని పోలుస్తున్నాడా (ఉపమ), ఇది అదేనేమో అని ఊహిస్తున్నాడా (ఉత్ప్రేక్ష), రెండూ ఒకటే అంటున్నాడా (రూపకం) చూడమన్నది. ఒకే మబ్బు మీద రాసి చూశాను. ‘మబ్బు దూదిలా తెల్లగా ఉంది’: ఉపమేయం (పోల్చేది, మబ్బు), ఉపమానం (దేనితో పోలుస్తామో అది, దూది), సమానధర్మం (రెంటికీ ఉన్న గుణం, తెల్లగా), ఉపమావాచకం (పోలిక చెప్పే మాట, ‘లా’) నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ‘తెల్లగా’ తీసేస్తే ఒకటి లోపించింది కాబట్టి లుప్తోపమ. ‘ఆ మబ్బు గాలి ఏకి ఆరబోసిన దూదా అన్నట్టుంది’ అంటే ఉత్ప్రేక్ష. ‘మబ్బుదూదిని గాలి ఏకుతోంది’ అంటే రూపకం. ఈ రూపకం నాకు ఎంతో నచ్చింది, పోలిక మాటే లేకుండా మబ్బు దూదైపోయింది!

మా తెలుగు మాస్టారు చూసి సరిగ్గా ఉందన్నారు. వలె, లా, అన్నట్టు వంటి మాటల పట్టిక బట్టీ పట్టక్కర్లేదట. ‘నేను అన్నట్టే జరిగింది’లో ‘అన్నట్టు’ ఉన్నా అలంకారమేమీ లేదు కదా.

శ్లేష (ఒకే మాటకు ఒకటికి మించి అర్థాలు వచ్చే అలంకారం) గురించి వేరే ప్రశ్న పెడతాను.