‘ఉరుములేని పిడుగు’ అనడం తప్పా?

ప్రశ్న: పిడుగు పడిన ప్రతిసారీ ఉరుము పుడుతుంది కదా. మరి ‘ఉరుములేని పిడుగులా వచ్చిపడ్డాడు’ అంటాం. ఆ మాటలోనే తప్పుందా?

జవాబు: నాకు తప్పు కనిపించదు. ఇక్కడ ఉరుము అంటే పిడుగుతోపాటు వచ్చే చప్పుడు కాదు, ముందుగా అందే హెచ్చరిక. దూరంగా నాలుగు ఉరుములు వినబడితే ఎవరైనా సర్దుకుంటారు. ఆ నాలుగూ లేకుండా మొదటి దెబ్బే నెత్తిన పడితే? అదీ ఉరుములేని పిడుగు. ఇది ఉత్త అలంకారం కాదు, నిజంగా జరిగేదే. మేఘంలోంచి బయలుదేరిన పిడుగు 10 కిలోమీటర్లకు పైగా పక్కకు సాగి, పైన నీలాకాశం ఉన్నచోట కూడా పడగలదు.

వసంతంలో ఈ ప్రమాదం గుర్తుంచుకోవాలి. నేల ఎండకు తొందరగా వేడెక్కుతుంది, పైనున్న గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. తేమతో నిండిన వెచ్చని గాలి జోరుగా పైకి లేస్తుంది. మధ్యాహ్నం జాడే లేని మేఘం సాయంత్రానికి కొండంత అవుతుంది.

క్రియలు కూడా గమనించండి. మెరుపు మెరుస్తుంది, ఉరుము ఉరుముతుంది. పిడుగుకి మాత్రం సొంత క్రియ లేదు, అది పడుతుంది అంతే. అందుకే ‘పిడుగుపాటు’ అంటాం గాని ‘మెరుపుపాటు’ అనం.

ప్రశ్న: ‘ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు’ అనే సామెతలో ఉరుమే పడింది కదా?

జవాబు: మంచి పాయింట్. జనం నోట్లో చప్పుడూ దెబ్బా కలిసిపోయాయి. సామెతకి అది అందమే. వాతావరణ సూచన దగ్గరే నాకు దిగులు. ‘అక్కడక్కడా ఉరుములు, మెరుపులతో కూడిన వర్షాలు’ అని చదివితే వెలుగూ శబ్దమూ కళ్ళముందుకొస్తాయి, ప్రాణం తీసేది రాదు. పైగా ‘అక్కడక్కడా’ అంటే కొద్దిపాటి వాన అని చాలామంది అనుకుంటారు. ఆ మాట చెప్పేది ఎన్ని చోట్ల పడుతుందన్నదే, ఎంత గట్టిగా పడుతుందన్నది కాదు. ఒక ప్రాంతం మొత్తానికి ఇచ్చే సూచన ఏ ఊరి మీద పడుతుందో చెప్పలేదు. పడిన ఊరికి మాత్రం అది పూర్తి గాలివానే.

నేను రాయాల్సివస్తే ఇలా రాస్తాను: ‘ఈ సాయంత్రం అక్కడక్కడా పిడుగులు పడొచ్చు. ఉరుము వినబడగానే పక్కా ఇంట్లోకి వెళ్ళండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావద్దు.’