ఫెయిరీ క్వీన్‌ని ఇంకా పట్టాల మీద నడపాలా, మ్యూజియంలో ఉంచేయాలా?

లోకోషెడ్: నా మాట సూటిగా చెప్తా, దాన్ని ఇంక నడపొద్దు. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైన ఆవిరి ఇంజన్ అది, ఈస్టిండియన్ రైల్వేలో నంబరు 22, హౌరా–రాణిగంజ్ మధ్య మెయిల్ బండ్లు లాగి 1909లో రిటైరైంది. 1997లో మళ్లీ బాయిలర్ కింద నిప్పు రాజేసి ఢిల్లీ నుంచి ఆల్వార్‌కి టూరిస్టు బండిగా నడిపారు, గిన్నిస్‌లోకీ ఎక్కింది, సంతోషమే. కానీ నడిపిన ప్రతిసారీ బాయిలర్ వేడెక్కి సాగుద్ది, చల్లారి ముడుచుకుంటది, దాని లోపలి ట్యూబులు పోతాయి, అవి మారుస్తూ పోతే చివరికి 1855 నాటి ఇనుము ఎంత మిగుల్తుందండీ?

ఆవిరిబండి: సర్వీసులో ఉన్న రోజుల్లో కూడా ఆవిరి ఇంజన్లకి బాయిలర్లు మార్చేవాళ్లు కదండీ, బ్రిటన్‌లో పేరున్న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజన్‌కీ మార్చారు, అయినా అది 1923 నాటి ఇంజనే అంటాం. ఇంకోటి, నిలబెట్టినంత మాత్రాన భద్రం అనుకోకండి, 2011లో ఫెయిరీ క్వీన్ షెడ్‌లో ఉండగానే పార్టులు ఎత్తుకుపోయారు, పెరంబూరు వర్క్‌షాపులో బాగుచేస్తేగానీ మళ్లీ పట్టాలెక్కలేదు. అన్నిటికన్నా నా బాధ పనితనం గురించి, బొగ్గు మండే ఫైర్‌బాక్సులో బొగ్గు పలచగా సమంగా ఎలా పరచాలో, బాయిలర్‌లోకి నీళ్లు పంపే ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో చేత్తో చేస్తేనే వస్తది, చదివితే రాదు.

లోకోషెడ్: పనితనం విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. అయితే దానికి ఫెయిరీ క్వీనే ఎందుకు? డబ్ల్యూపీ రకం పాసింజర్ ఆవిరి ఇంజన్లు 755 తయారయ్యాయి, హర్యానాలోని రేవాడీ షెడ్‌లో అక్బర్ అనే డబ్ల్యూపీ ఉంది, బొగ్గు వేసే ఫైర్‌మన్లు దాని మీద నేర్చుకోవచ్చు. ఒక డబ్ల్యూపీ పాడైతే ఇంకో డబ్ల్యూపీ నుంచి పార్టు తేవచ్చు, ఫెయిరీ క్వీన్‌కి ఎక్కణ్ణుంచి తెస్తారు? దొంగతనం సంగతి అంటారా, అది కాపలా లోపం, నడపడానికి కారణం కాదు.

పట్టాలపక్కన: బ్రిటన్ నేషనల్ రైల్వే మ్యూజియం వాళ్లు రెండూ చేస్తున్నారు చూడండి. 1938లో గంటకి 126 మైళ్లు కొట్టిన మల్లార్డ్ అనే ఆవిరి ఇంజన్‌ని యార్క్‌లో నిలబెట్టారు, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ని కోట్లు పోసి బాగుచేసి 2016లో మళ్లీ నడిపారు. ఏ ఇంజన్‌కి ఏది తగునో విడిగా తేల్చుకోవాలి.

ఆవిరిబండి: మరి జనం ఫెయిరీ క్వీన్ కదలడం ఎప్పటికీ చూడొద్దా? పిల్లలకి అద్దం వెనక ఇనుప ముద్ద చూపిస్తే ఏం అర్థమవుద్ది, ఆ పిస్టన్ రాడ్ చక్రాన్ని తిప్పడం కళ్లారా చూడాలి.

లోకోషెడ్: చూడాలి, అందుకే నకలు చేయమంటున్నా. జర్మన్లు తమ తొలి రోజుల రైలింజన్ ఆడ్లర్ పోయాక 1935లో అలాగే కొత్తది కట్టుకున్నారు. మన దగ్గర అసలుది ఇంకా ఉంది, కొలతలు ఇప్పుడే తీసుకోవచ్చు.