ఎస్తర్ విలియమ్స్ పాత ప్రెస్ ఫోటో: వెనక స్టాంపులో సంవత్సరం చదవడం ఎలా?

ఈత సినిమాల తార ఎస్తర్ విలియమ్స్ (1921–2013) పత్రికా ఫోటోలను ఏళ్లవారీగా సర్దుతూ ఒక ప్రింటు దగ్గర ఆగిపోయాను. నలుపు తెలుపు, 8×10 అంగుళాలు, ఒక అమెరికా పత్రిక ఆర్కైవ్‌ది. తడి జుట్టుతో కొలను గట్టున కూర్చుని నవ్వుతున్నారు. ఎడమ భుజం పక్కన ఎడిటర్ ఎర్ర పెన్సిల్‌తో గీసిన కత్తిరింపు గీత ఇంకా చెరగలేదు. ఎంత ముచ్చటగా ఉందో!

వెనక ఊదా సిరాతో వేసిన రబ్బరు స్టాంపు ముద్రలో 'ఆగస్టు 8' స్పష్టంగా ఉంది (ఆవిడ పుట్టినరోజు కూడా అదే). సంవత్సరంలో 19 తర్వాత అంకెలు అలికేసినట్టున్నాయి. చిరిగిన క్యాప్షన్‌లో 'ఆక్వాకేడ్' (సంగీతంతో సాగే ఈత ప్రదర్శన) అన్న మాటొక్కటే మిగిలింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆక్వాకేడ్‌లో ఆవిడ ఈదింది 1940లో. కానీ పత్రికలు పాత ఫోటోలను ఏళ్ల తర్వాత కూడా మళ్లీ వేసేవి, కాబట్టి స్టాంపు కూడా 1940దే అనుకోలేను.

1200 డీపీఐలో స్కాన్ చేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లు విడివిడిగా చూశాను. కాంట్రాస్ట్ పెంచాను. చీకటి గదిలో పక్క నుంచి టార్చ్ వేశాను. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లోనూ, లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ ఫోటోల్లోనూ ఇదే ఫోటో దొరకలేదు. తడి, రసాయనాలు మాత్రం తగలనివ్వను.

ప్రింటు పాడవకుండా ఇలా అలికిన ఊదా సిరా అంకెలను మీరు స్వయంగా చదవగలిగిన పద్ధతి ఏది: యూవీ లైటా, ఇన్‌ఫ్రారెడ్ కెమెరానా, ఇంకేదైనానా?